పొమ్మనే కాఫీ

ఉద్యోగం ఊడిన మూడో రోజున కంపెనీ నాకు మనోధైర్యం మీద పాఠం పంపింది. మూడు భాగాలు, ఉచితం. తెల్ల చొక్కా వేసుకున్న ఒకావిడ వెనకాల పూలకుండీ పెట్టుకుని కూర్చుని, పెనుగాలికి చెట్టు విరుగుతుంది గానీ రెల్లు ఒంగి బతుకుతుంది, మీరు రెల్లులా ఉండండి అని చెప్పింది. ఆ గాలి ఎవరు విసురుతున్నారో కూడా చెబుతుందేమోనని చివరిదాకా విన్నాను. చెప్పలేదు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకోమంది. నాకు ఒళ్లు మండి, కళ్లు తెరుచుకునే పీల్చుకున్నాను.

నా పేరు వెరిత్సా. పుట్టింది, పెరిగింది, నలభై ఏడేళ్లు వచ్చింది, అన్నీ నోవీసాద్‌లోనే. ఊళ్లో వంతెనలు బాంబులకి కూలిపోయిన వసంతంలో నేను కరెంటు లేక కొవ్వొత్తి పెట్టుకుని చదివి డిగ్రీ ఆఖరి పరీక్షలు రాశాను. తరవాత మొగుణ్ని వదిలేశాను. అమ్మానాన్నల్ని ఇద్దర్నీ మంచంలో చూసుకుని సాగనంపాను. ధైర్యం సంగతి నాకు పూలకుండీ ఆవిడ చెప్పనక్కర్లేదు. ధైర్యంగా ఉండమనేవాళ్లని నేను అడిగేది ఒక్కటే. అబద్ధం ఎందుకు రాశారు?

ఓడరేవుల్లో ఏ సరుకు ఎక్కడుందో చూపించే సాఫ్ట్‌వేర్ మా కంపెనీది. పెద్దాఫీసు వేరే దేశంలో ఉంది. మా ఊళ్లో ఉన్నది నూట పద్దెనిమిది మందితో ఒక శాఖ. అందులో నేను పద్నాలుగేళ్లు టెస్టర్ని. మిగతావాళ్లు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా పని. తప్పులు పట్టేదాన్ని ఎవరూ ముద్దు చెయ్యరు, కానీ నేను చూడకుండా ఏదీ బయటికి వదిలేవాళ్లు కాదు.

సెప్టెంబరులో పెద్దాఫీసు నుంచి జాబితా వచ్చింది. పంతొమ్మిది మంది పేర్లు. మా చట్టం ప్రకారం అంతమందిని ఒక్కసారిగా తీసేస్తే ఆ సంగతి పైకి చెప్పాలి, లేబరాఫీసుకి తెలపాలి, పరిహారం ఇవ్వాలి, ఆ కుర్చీల్లో కొన్ని నెలలదాకా ఇంకొకర్ని కూర్చోబెట్టకూడదు. ఆ తలనొప్పంతా ఎవరు పడతారు? అందుకని ఒక్కొక్కర్నీ విడిగా గాజుగదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. ఇరుపక్షాలూ ఇష్టపడి విడిపోతున్నాయని అందులో ఉంది. గంటలో సంతకం పెట్టాలి. పెడితే సర్కారు ఇచ్చే నిరుద్యోగ భృతి రాదు, కోర్టుకెళ్లే దారీ ఉండదు. పెట్టకపోతే, మీ పని బాగాలేదని రాయాల్సి వస్తుంది, తరవాత మీకు ఎక్కడా ఉద్యోగం దొరకదు, ఆపైన మీ ఇష్టం అని నవ్వు మొహంతో చెప్పారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

పద్దెనిమిది మంది సంతకం పెట్టారు. వాళ్లని నేను తప్పుపట్టను. నా పక్క బల్ల వుకాషిన్‌కి ముప్పై ఏళ్లు. తిండిపోతు, జోకులరాయుడు. అప్పటికి భార్యకి ఏడో నెల. లోపలికెళ్లిన నలభై నిమిషాలకి బయటికొచ్చాడు. చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. "పెళ్లి సంతకానికి కూడా నన్నింత తొందరపెట్టలేదు మేస్త్రీ" అన్నాడు. ఆఫీసులో అందరూ నన్ను మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. ఆ జోకుకి ఎవరూ నవ్వలేదు, వాడూ నవ్వలేదు.

నేను పంతొమ్మిదోదాన్ని. కాగితం రెండుసార్లు చదివాను, అలవాటు కదా. ఇరుపక్షాల ఇష్టం అని ఉంది, నా ఇష్టం ఎవరడిగారు అన్నాను. హెచ్చార్ సాండ్రా నావైపు నేనేదో చైనా భాష మాట్లాడినట్టు చూసింది. సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. రెండు రోజులకి, సెప్టెంబరు ఇరవై రెండున, తీసేసినట్టు ఉత్తరం వచ్చింది. నా పని ఫలితాలు బాగాలేవట. దానికి జతగా ఇంకో కాగితం ఉంది. మీ పనిలో లోపాలున్నాయి, అరవై రోజుల్లో సరిచేసుకోండి అని జులై పద్నాలుగునే నన్ను హెచ్చరించారట. ఆ కాగితం చేతికిస్తే, ముట్టినట్టు సంతకం పెట్టనని నేను మొండికేశానట. కింద తిహోమిర్ సంతకం.

నేను ఆ కాగితాన్ని చూడటం అదే మొదలు.

తిహోమిర్‌ని తయారుచేసింది నేను. పదకొండేళ్ల కిందట చేరినప్పుడు ఏ మీట నొక్కాలన్నా వాడికి భయం, ఎక్కడ పాడైపోతుందోనని. పాడుచేసి చూడ్డానికే నిన్ను పెట్టుకున్నారు, నొక్కు అని వెనకాల నిలబడి నేర్పాను. నన్ను మేస్త్రీ అనడం వాడే మొదలుపెట్టాడు. తరవాత ఒక్కో మెట్టూ ఎక్కి మా శాఖకే పెద్ద అయ్యాడు. నాకు అసూయ లేదు. నేను పెంచిన మొక్క ఎదిగిందనే అనుకున్నాను.

జులై పద్నాలుగు నాకు బాగా గుర్తుంది. శుక్రవారం. తిహోమిర్ ఆ రోజు నిజంగానే నన్ను గాజుగదిలోకి పిలిచాడు, తలుపేసుకుని అరగంట మాట్లాడాడు, ఆఫీసంతా చూసింది. వాళ్లమ్మ మోకాలికి ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఎవరిచేత చేయించాలో తెలీదు, చేయిస్తే మళ్లీ నడుస్తుందో లేదో తెలీదు. ఏడ్చాడు. మా అమ్మకి చేసిన డాక్టరు నంబరు ఇచ్చాను. వాడి ఫోనులోనే వాళ్లమ్మతో మాట్లాడి, భయం లేదని చెప్పాను. ఆఫీసు క్యాలెండర్‌లో ఆ అరగంట ‘వెరిత్సా, తిహోమిర్, ముప్పై నిమిషాలు’ అని నమోదై ఉంది. దాన్నే పట్టుకుని, హెచ్చరిక ఇచ్చినదానికి రుజువు చేశారు. అబద్ధమే రాయాలనుకుంటే ఏడాదిలో ఎన్ని రోజుల్లేవు? తల్లి కోసం ఏడ్చిన అరగంటే దొరికిందా? 

లాయరమ్మ కాగితాలన్నీ చూసి, వాళ్ల చేతిలో కాగితం ఉంది, మీ చేతిలో మాట ఉంది, ఆ గదిలో ఉన్న రెండో మనిషి నోరు విప్పితేగానీ కేసు నిలబడదని చెప్పింది. దావా వెయ్యడానికి అరవై రోజుల గడువు. తిహోమిర్‌కి ఫోన్ చేశాను. తియ్యలేదు. ఇరవైసార్లు చేశాక నా నంబరు ఆపేశాడు. ఆఫీసుకెళితే నా కార్డుకి తలుపు తెరుచుకోలేదు. ఏదైనా ఉంటే ఈమెయిల్ రాయమన్నారట అని కాపలా మనిషి నేల చూస్తూ చెప్పాడు. రాశాను. మనోధైర్యం పాఠం రెండో భాగం చూశారా అని జవాబొచ్చింది.

పని వెతుక్కోకుండా కూర్చున్నానా అంటే, లేదు. నలభై మూడు చోట్లకి రాశాను. ఆరుచోట్ల చివరి మెట్టుదాకా వెళ్లాను. అయిదేళ్ల తరవాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు అని పాతికేళ్లవాడొకడు అడిగితే, అద్దంలో అన్నాను. నవ్వాడు కూడా పాపం. కానీ చివరికి అందరూ పాత కంపెనీకి ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు, ఆ తరవాత నా ఫోను మోగేది కాదు. ఖాళీగా ఉండలేక నలభై కిలోల ఎర్ర మిరపకాయలు కాల్చి, తొక్కలు తీసి, అయ్‌వార్ పచ్చడి పెట్టాను. ఉండేది ఒక్కదాన్ని, అంత పచ్చడి ఎవరు తింటారో ఆలోచించలేదు. ఒక్కో తొక్క లాగుతుంటే ఒక్కొక్కరి మొహం కళ్లముందు కనపడేది.

నవంబరు వచ్చింది. గడువు ఇంకో వారం కూడా లేదు. అప్పుడు గుర్తొచ్చింది, పదహారో తారీఖు తిహోమిర్ వాళ్లింట్లో ఇలవేల్పు పండగని.

మా దగ్గర ప్రతి ఇంటికీ ఇలవేల్పుగా ఒక క్రైస్తవ పునీతుడు ఉంటాడు. ఆ వేల్పు రోజున ఎవర్నీ పిలవరు, కావలసినవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు. వచ్చినవాణ్ని గుమ్మంలోంచి పంపెయ్యడమన్నది లేదు, పగవాడైనా సరే. పొద్దున్న వెలిగించిన పెద్ద కొవ్వొత్తి రోజంతా వెలగాలి. అతిథులు ఉన్నంతసేపూ ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడి వడ్డించాలి. అన్నీ అయ్యాక ఒక కాఫీ వస్తుంది. నోటితో వెళ్లమని చెప్పలేరు గాబట్టి కాఫీ ఇస్తారు, దాన్ని పొమ్మనే కాఫీ అంటాం. అది తాగి లేవాలి. అది రాకముందు అతిథి లేచిపోతే ఇంటికి చిన్నతనం. భోజనం కాకముందే అది తెచ్చిపెడితే అతిథికి చెంపదెబ్బ.

ఫోన్ తియ్యకపోవచ్చు, కార్డు ఆపెయ్యచ్చు. ఆ ఒక్కరోజు మాత్రం తిహోమిర్ నాకు తలుపు తియ్యకుండా ఉండలేడు. పదేళ్లుగా ఏటా వెళ్తున్నదాన్ని కూడాను.

వుకాషిన్‌ని తోడు రమ్మన్నాను. వాడు కాస్త నసిగి, మిలుంకా పిన్ని చేతి పంది రోస్టు తలుచుకుని ఒప్పుకున్నాడు. మిలుంకా అంటే తిహోమిర్ వాళ్లమ్మ. దారిలో వుకాషిన్ నాచేత ఒట్టేయించుకున్నాడు, అక్కడ గొడవ పెట్టుకోనని. పండగ పూట ఇంటి యజమానిని నిలదియ్యడం మహా తప్పు, అది నాకూ తెలుసు. నోరెత్తను, కూర్చుంటాను, వాడు నిలబడి నా మొహం చూస్తూ వడ్డించాలి, అప్పుడైనా సిగ్గేస్తే వాడే మాట్లాడతాడు అని చెప్పాను. నిజంగా అంతే అనుకుని వెళ్లాను.

తలుపు తీసింది తిహోమిరే. నన్ను చూసి మొహంలో నెత్తురు చుక్క లేదు. పండగ శుభమని బుగ్గల మీద మూడుసార్లు ముద్దుపెట్టుకున్నాను, ఆచారం కదా. సీసా ద్రాక్షసారా, పచ్చడి సీసా చేతిలో పెట్టాను. లోపల కొవ్వొత్తి పక్కన గోధుమల ప్రసాదం ఉంది. ఒక చెంచా నోట్లో వేసుకుని తలెత్తితే, భోజనాల బల్ల దగ్గర సాండ్రా. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నన్ను చూడగానే బల్లమీది హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. మిగతా ఎనిమిది మందీ చుట్టాలు. నేను సాండ్రాకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను.

తిహోమిర్ సూపు వడ్డించాడు. గరిటె తొణికి నా చెయ్యి మీద ఒక చుక్క పడింది. తుడుచుకుని చెంచా అందుకున్నాను. వుకాషిన్ తలెత్తకుండా తాగుతున్నాడు. అప్పుడు మిలుంకా పిన్ని వంటింట్లోంచి చేతికర్ర లేకుండా నడుచుకుంటూ వచ్చింది.

"చూశావుటే వెరిత్సా, నీ పుణ్యం" అని బల్ల చుట్టూ ఒక తిరుగు తిరిగి చూపించింది. "రెండు నెలలైంది నీ గొంతు విని. ఆఫీసులో ఎలా ఉంది? మావాడు నిన్ను బాగా చూసుకుంటున్నాడా?"

ఆవిడకేమీ తెలియదని నాకు అప్పుడు అర్థమైంది. వాణ్నే అడుగు పిన్నీ అన్నాను. నిన్నే అడుగుతున్నాను అంది ఆవిడ.

"ఆ దీపం ముందు నేను అబద్ధం చెప్పలేను పిన్నీ. నిజం చెబితే పండగ పాడవుతుంది. ఇంకేదైనా అడుగు."

పిన్ని చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టింది. "పాడైతే అవనీ. చెప్పు."

వుకాషిన్ బల్లకింద నా కాలు తొక్కాడు. నేను చెప్పేశాను. పంతొమ్మిది మందిని తీసేశారని, సంతకం పెట్టనందుకు నాకు పని రాదని రాశారని, అందుకే నాకు ఎక్కడా పని దొరకడం లేదని, గొంతు పెంచకుండా చెప్పాను. నీ ఆపరేషన్ గురించి మనిద్దరం ఫోనులో మాట్లాడుకున్న రోజు గుర్తుందా అని అడిగాను.

"గుర్తులేకేం? పేతురు పండగెళ్లిన రెండోనాడు. నువ్వు డాక్టరు సంగతి చెబుతుంటే పక్కన వీడు ముక్కు చీదడం వినపడుతూనే ఉంది."

"ఆ అరగంటలోనే నాకు పని చాతకాదని చెప్పి కాగితం చేతికిచ్చాడట. కింద మీ అబ్బాయి సంతకం ఉంది."

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. పిన్ని కొడుకువైపు తిరిగి, నిజమేనా అని అడిగింది. తిహోమిర్ సాండ్రా వైపు చూశాడు. ఇది ఆఫీసు విషయం అమ్మా, ఆ రోజు నేను వెరిత్సాతో, అంటూ ఏదో మొదలుపెట్టాడు. పిన్ని చెయ్యెత్తి ఆపింది. బల్ల మీది ద్రాక్షసారా గ్లాసు తీసుకుని కొవ్వొత్తి దగ్గరికి వెళ్లి నిలబడింది. మా ఇళ్లల్లో ఆ దీపాన్ని ఊది ఆర్పరు, ద్రాక్షసారా చుక్కతో ఆర్పుతారు, అదీ పండగ ముగిశాకే.

"అబద్ధం చెప్పేటట్టయితే కాస్త ఆగు. ముందు దీపం ఆర్పేస్తాను, తరవాత చెబుదువుగాని."

తిహోమిర్ కక్కలేక మింగలేక నిలబడ్డాడు. నిజం వాడి గొంతుదాకా వచ్చిందనే నాకనిపించింది. అంతలో సాండ్రా, ఇది ఇక్కడ మాట్లాడుకునేది కాదు తిహోమిర్ అని మెల్లిగా అంది. వాడు ఆవిణ్ని చూశాడు, నన్ను చూడలేదు.

"అమ్మా, కాఫీ పెట్టు" అన్నాడు.

ఇంకా సూపు గిన్నెలు కూడా తియ్యలేదు. పొయ్యిలో పంది రోస్టు వాసన ఇల్లంతా వస్తోంది. ముసలి చుట్టం ఒకాయన గుండెల మీద శిలువ గీసుకున్నాడు. నేను పెట్టను, ఈ ఇంట్లో ఎవరూ ఈ పని చెయ్యలేదు అంది పిన్ని. తిహోమిర్ తనే వంటింట్లోకి వెళ్లి రెండు కప్పులు పట్టుకొచ్చి నా ముందొకటి, వుకాషిన్ ముందొకటి పెట్టాడు. వుకాషిన్ మొహం చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. నేను ఆ కాఫీ నాలుక కాలుతున్నా మడ్డిదాకా తాగాను. ఇంటాయన ఇచ్చింది వదిలెయ్యకూడదు. లేచి, పండగ శుభమని మళ్లీ చెప్పి బయటికొచ్చాను. గుమ్మం దగ్గర పిన్ని వుకాషిన్ చేతిలో మాంసం పొట్లం పెట్టింది, భార్యకి ఇమ్మని. కొడుకు వైపు చూడలేదు.

మెట్లు దిగుతుంటే కోపంతో ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయినప్పుడు ఏడవలేదు. ఆరుచోట్ల ముఖం చాటేసినప్పుడు ఏడవలేదు. నేను అక్షరం అక్షరం నేర్పినవాడు ఇలవేల్పు దీపం ముందు నన్ను ఇంట్లోంచి గెంటేశాడు. ఎవరి కోసం? రేపు తననీ గుర్తుంచుకోని వాళ్ల కోసం.

గడువుకి ఒకరోజు ముందు, నవంబరు ఇరవైన, దావా వేశాను. పిన్ని సాక్ష్యం చెబుతానంది గానీ, గదిలో లేని తల్లి మాట ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేనంది లాయరమ్మ. విచారణ ఫిబ్రవరిలో అన్నారు. మిగతా పద్దెనిమిది మందికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశాను. సంతకం పెట్టిన సిగ్గుతో ఎవరి మూలన వాళ్లు నక్కి ఉన్నారు, తప్పంతా తమదేనన్నట్టు. తిట్టాను. ఉద్యోగం దొరికినవాళ్లు దొరకనివాళ్ల పేర్లు కొత్తచోట చెప్పాలని ఒప్పించాను. అలా ఇద్దరికి దొరికింది కూడా. పచ్చడి సీసాలు అప్పుడు పనికొచ్చాయి, తలా ఒకటి పంచాను. దీన్ని మనోధైర్యం అంటారో లేదో పూలకుండీ ఆవిణ్ని అడగాలి.

డిసెంబరు పంతొమ్మిది మా ఇలవేల్పు నికొలా రోజు. మా నాన్నకి కొడుకుల్లేరు, పండగ నాకొచ్చింది. మాంసం ముట్టని ఉపవాసాల కాలం గనక చేపలే వండాను. నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు నాది. ఆ పద్దెనిమిది మందిలో పదకొండు మంది వచ్చారు, పిలవకుండానే. కుర్చీలు చాలక వుకాషిన్ ఇస్త్రీబల్ల మీద కూర్చున్నాడు. మూడు వారాల కూతురి ఫొటోలు అందరికీ రెండేసిసార్లు చూపించాడు.

గంట మోగితే ఇంకెవరో మనవాళ్లనుకుని తలుపు తీశాను. తిహోమిర్. చేతిలో ద్రాక్షసారా సీసా, టోపీ మీద మంచు. పండగ శుభం అన్నాడు.

తలుపు మొహాన వెయ్యాలని చెయ్యి లాగింది. వెయ్యలేను కదా. ఏ ఆచారాన్ని పట్టుకుని నేను వాడి గుమ్మం తొక్కానో అదే ఇప్పుడు నా గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నాను. ప్రసాదం చెంచా చేతికిచ్చాను.  పదకొండు మందిలో ఎవరూ లేచి వాడికి కుర్చీ ఇవ్వలేదు. నేనే నా కుర్చీ చూపించాను. ఎలాగూ నేను కూర్చోకూడదు.

తిన్నగా వంటింట్లోకి వెళ్లి కాఫీ పెట్టాను. పక్క పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. కాఫీ తెచ్చి వాడి ముందు పెట్టాను.

"మేస్త్రీ, చేపలు?" అన్నాడు వుకాషిన్ చిన్నగా.

"ఆయనకి కాఫీ చాలు."

తిహోమిర్ కప్పు వైపు చూశాడు. నాకిది రావలసిందేలే అన్నాడు. కప్పు ఎత్తి, తాగకుండా మళ్లీ దించాడు. ముందురోజు సాండ్రా తనని గాజుగదిలోకి పిలిచిందని చెప్పాడు. ఇరుపక్షాలూ ఇష్టపడి విడిపోతున్నాయట. గంట టైమిచ్చారు. పెట్టకపోతే, అక్టోబరులో ఇచ్చిన హెచ్చరిక ఎలాగూ ఉంది కదా అన్నారు.

"అక్టోబరులో నాకెవరూ ఏ హెచ్చరికా ఇవ్వలేదు మేస్త్రీ. ఇస్తే నేను తీసుకోనన్నానట."

ఇస్త్రీబల్ల మీంచి వుకాషిన్ ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని గదంతా పాకింది. అది సంతోషపు నవ్వు కాదు. తిహోమిర్ తలొంచుకుని దాన్నంతా భరించాడు. పొద్దున్నే తనకీ పాఠం పంపారని చెప్పాడు.

"రెల్లులా ఒంగమని ఉంటుంది అందులో. ఒంగావా?" అని అడిగాను.

"లేదు. సంతకం పెట్టలేదు."

ఆ మాట వింటే సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. ఉన్న కోపమే ఇంకా పెరిగింది. పదకొండేళ్లు నేర్పితే, తన మెడ మీదికి వచ్చేదాకా ఈ ఒక్క పాఠం వాడి బుర్రకెక్కలేదు. నీ మీద నాకు జాలి లేదు తిహో అని అందరి ముందే అన్నాను. పద్దెనిమిది మంది ఆ గదిలోకి వెళ్లి వస్తుంటే గాజులోంచి చూస్తూ కూర్చున్నావు, నీకు అప్పుడు కళ్లు లేవా అని అడిగాను.

అమ్మ నెలరోజులుగా నాతో మాట్లాడటం లేదు అన్నాడు వాడు. నిన్నటి సంగతి చెప్పడానికి వెళితే తలుపు దగ్గరే ఆపేసిందట. "ముందు వెరిత్సా దగ్గరికెళ్లు, తరవాత నా దగ్గరికి రా అంది. అందుకే వచ్చానని కాదు. అందుక్కూడా వచ్చాను. సెప్టెంబరు ఇరవై ఒకటిన సాండ్రా చెబితే నేనే రాశాను, జులై అని వేశాను. అది రాసిస్తాను. కోర్టులోనూ చెబుతాను. నా మీదా కేసవుతుంది, తెలుసు."

నేను వాడి మొహం చూస్తూ నిలబడ్డాను. తప్పులు పట్టేదాన్ని, ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని వెతికాను. భయం ఉంది, సిగ్గు ఉంది. అబద్ధం కనపడలేదు.

చల్లారిన కాఫీ తీసుకెళ్లి సింకులో పారబోశాను. చేపల పులుసు, రొట్టె తెచ్చి వాడి ముందు పెట్టాను. వుకాషిన్ పచ్చడి సీసా అటు జరిపాడు. లాయరమ్మ ఇచ్చిన తెల్లకాగితాలు అలమారులో ఉంటే ఒకటి తీసి, పెన్నుతో పాటు పళ్లెం పక్కన పెట్టాను. ముందు తిను, తిన్నాక రాద్దువుగాని అన్నాను. వాడు చెంచా ముట్టుకోలేదు. పెన్ను తీసుకున్నాడు. పదకొండేళ్ల కిందట నిలబడినట్టే నేను వాడి భుజం వెనకాల నిలబడ్డాను. పెన్ను కాగితం మీద ఆగిపోయింది.

"పైన తారీఖు వెయ్యి తిహో," అన్నాను. "ఇవాళ్టిది."